పాపన్ అరికాళ్ళు

పాలారులో ఈడ్పుబండి తోలే పాపన్ తన ముప్ఫై ఏళ్ళ పనిలో ఒక్కరినీ ఆ బండి వెనక దూలం మీద నిలబడనివ్వలేదు. అలాంటి మనిషి 1953 అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను తనే పిలిచి, "తోలతావా చిన్నయ్యా?" అని అడిగాడు. నాకు అనుమానం రావలసింది. ఇరవై రెండేళ్ళవాణ్ణి, సంతోషం వచ్చింది.

మా ఊరు అణైకట్ వైపు, ఏటికి దక్షిణపు గట్టున ఉంది. నేను పంతులుగా చేరిన బడి ఉత్తరాన గుడియాత్తంలో. మధ్యలో పాలారు. పేరుకు ఏరే గాని ఏడాదిలో పది నెలలు పైకి నీళ్ళు కనబడవు. అర మైలు వెడల్పున తెల్లటి ఇసుక. బరువు బండి ఆ ఇసుకలో దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. అందుకని గట్టు మీదే బండి ఆపి, సరుకు దించి, ఈడ్పుబండికి ఎక్కించేవారు. దానికి చక్రాలు లేవు. కింద రెండు తాటి దూలాలు, ముందు కొసలు పడవ ముక్కులా పైకి చెక్కి ఉంటాయి. వాటి మీద అడ్డంగా పలకలు. ముందు రెండు జతల ఎద్దులు. వెనక ఒక అడ్డదూలం. తోలేవాడు ఒక కాలు దాని మీద పెట్టి, రెండో కాలితో ఇసుకను తన్నుతూ పరుగందిస్తాడు. బండి జోరందుకున్నాక రెండు కాళ్ళూ ఎత్తి నిలబడతాడు. ఎండలో ఆ తెల్లటి ఇసుక మీద నాలుగు ఎద్దులు, వాటి వెనక గాల్లో తేలుతున్నట్టు నిలబడ్డ మనిషి. చిన్నప్పటినుంచీ నేను గట్టు మీద కూర్చుని చూసింది అదే.

పాపన్ చేతిలో పగ్గం గాని ముల్లుగర్ర గాని ఉండేది కాదు. గొంతు ఒక్కటే. "హో... కర్రెన్నా" అంటే ముందు జతలో ఎడమవైపు నల్ల ఎద్దు చెవి వెనక్కి తిప్పేది. ఆ చెవి తిరిగాకనే తరువాతి మాట. నెమ్మదిగా అంటే నెమ్మది, గట్టిగా అంటే పరుగు. ఆయన తాత తోళ్ళ కార్ఖానాలో పని వెతుక్కుంటూ చిత్తూరు వైపు నుంచి వచ్చాడట. తండ్రి ఆ కంపు పడక ఏటి రేవుకు చేరాడు. మా ఇళ్ళలో యాభై ఏళ్ళు దాటిన ఆ మనిషిని పిల్లలతో సహా అందరూ "పాపా" అనీ "నువ్వు" అనీ పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

అయితే రేవులో ఆయన పేరు నిలిచింది బండి తోలడం వల్ల కాదు. ఏ పూట ఏరు దాటవచ్చో, ఏ పూట దాటకూడదో చెప్పగలవాడు ఆయనొక్కడే. పాలారులో వరద మన వాన చూసి రాదు. ఎక్కడో మైసూరు వైపు కురిసిన వాన రెండు రోజులు ఇసుక కింద నడిచి, ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్న పూట పైకి లేస్తుంది. పాపన్ పడమటికి తిరిగి నిలబడి, కుడికాలు చీలమండ దాకా ఇసుకలో పూడ్చి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టేవాడు. పైన ఇసుక కాలుతున్నా లోపల చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనం ఉన్నచోటే ఉంటే పాత నీళ్ళు, భయం లేదు. కాలివేళ్ళ దగ్గర మొదలై మడమ వైపు సన్నటి దారంలా జారితే కొత్త నీళ్ళు వస్తున్నాయని అర్థం. మొదటిదాన్ని నిలిచిన చలవ అనేవాడు, రెండోదాన్ని నడిచే చలవ. ఒక ఏడు మండే ఎండలో పెండ్లి బృందాన్ని ఏటి నడుమ నుంచి వెనక్కి మళ్ళించాడు. పెండ్లికొడుకు మేనమామ బూతులు తిట్టాడు. గట్టెక్కి వాళ్ళు మజ్జిగ తాగుతుండగా ఏరు నిండింది. అప్పటినుంచి ఆయన వద్దంటే ఎవరూ అడుగు దించేవారు కాదు.

ఆ ఆదివారానికి ఏడాది ముందే ఆయన అరికాళ్ళకు స్పర్శ పోయింది.

ఈ సంగతి ఆయనకూ భార్య సెల్లమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు చాలా తరువాత సెల్లమ్మ చెప్పింది. మొదట కుడికాలి మీద చిన్న తెల్లమచ్చ వచ్చిందట. తరువాత ముల్లు గుచ్చుకుంటే తెలియలేదు. ఆ తరువాత పొయ్యిలోంచి జారిన నిప్పు మీద నిలబడి మాట్లాడుతుంటే, కమురు వాసన వచ్చి ఆమె అరిచిందట. మా వైపు ఆ రోగం పేరు ఎత్తరు, పెద్దరోగం అంటారు. అది ఉందని తెలిస్తే ఊళ్ళో ఉండనివ్వరు, ఆయన ముట్టిన మూట ఎవరూ ముట్టరు. ఇంకా ముఖ్యం, కాలు చచ్చినవాడు ఏరు చూసి చెప్పలేడు. రేవు పోతుంది. పాపన్‌కు రేవు తప్ప మరో పని తెలియదు.

ఏడాదిపాటు సెల్లమ్మ ఆయనకు కాళ్ళయింది. బండి ముందు నడిచేది. దారిలో ముండ్లు తీస్తున్నట్టు వంగి, కాలు పూడ్చి చూసి, కొంగు సర్దుకునేది. కుడి భుజం మీదికి సర్దితే నిలిచిన చలవ, ఎడమ భుజం మీదికి సర్దితే నడిచే చలవ. పాపన్ అందరికీ కనబడేట్టు తనూ కాలు పూడ్చి కళ్ళు మూసుకునేవాడు. ఆ అక్టోబరు మూడో వారంలో ఆమె చింతచెట్టు కింద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. మంచం పట్టింది. పాపన్ నాలుగు రోజులు బండి కట్టలేదు.

నేను గుడియాత్తం పోవడానికి రేవుకు వచ్చేసరికి దొరస్వామి టీ అంగడి ముందు జనం ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి అప్పటికి మూడు వారాలు. అందరూ దాన్ని గురించే మాట్లాడేవాళ్ళు.

"ఏరును చూడండప్పా," అంటున్నాడు దొరస్వామి. "మైసూరులో పుట్టి, ఆంధ్రాలో తిరిగి, మద్రాసుకు వచ్చి మన బెల్లం తింటాది. దానికి ఏ సర్కారు అడ్డం?"

బెల్లం మాట వినగానే బాలచంద్రన్ ముఖం మాడ్చుకున్నాడు. ఒడుగత్తూరు వ్యాపారి. నలభై బెల్లం మూటలు గట్టు మీద వేసుకుని రెండు రోజులుగా కూర్చున్నాడు.

"ఇదో పార్, ఇట్ల చూడు పాపా," అన్నాడాయన, "రేపు సంత. నువ్వు ఈ పొద్దు తోలకుంటే సొల్లు, ఇప్పుడే చెప్పెయ్. మాదనూరులో రబ్బరు చక్రాల బండ్లు వచ్చినాయంట. మునియప్పన్ అని ఒకడు తోలతాడంట. వాడికి కబురు పంపిస్తా. ఆ పిమ్మట ఈ రేవులో నీకు ఏం పని ఉండాది?"

"ఆమెకు బాగలేదు సామీ," అన్నాడు పాపన్.

"ఆమెకు బాగలేకుంటే నీకేం వచ్చె?" దొరస్వామి నవ్వాడు. "ఏడాదిగా చూస్తా ఉండాము. ఆమె ముందర, ఎద్దులు నడుమ, నువ్వు ఎనకాల. బండికి ఎద్దులు నాలుగా అయిదా అని మాకే సందేహం."

అందరూ నవ్వారు. పాపన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే నావైపు చూశాడు. చెప్పులు విడిచి బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఆయన చూపు నా ముఖం మీద కాదు, పాదాల మీద ఆగింది. అప్పుడడిగాడు.

"తోలతావా చిన్నయ్యా?"

"నన్నా?"

"చిన్నప్పట్నుంచి చూస్తాండావు గదా. ఈ పొద్దు నేర్పిస్తా. చెప్పులు మాత్రం ఈడనే పెట్టు."

బండికి మూటలు ఎక్కిస్తుండగా ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్ళు ముంచుకుంటున్న తంగమ్మ బిందె ఎత్తుకుని వచ్చింది. "పాపన్నా, ఈ పొద్దు చెలమలో నీళ్ళు కొంచం మడ్డిగా ఉండాయి" అంది. పాపన్ ఆగిపోయాడు. పడమటివైపు చూశాడు. ఒక్క మబ్బు లేదు. "ఎంతసేపట్నుంచి?" అని అడిగాడు. "పొద్దున్నుంచి" అంది ఆమె. బాలచంద్రన్ అప్పటికే మూటల మీద ఎక్కి కూర్చున్నాడు.

"చిన్నయ్యా, మొదట ఇది నేర్చుకోవల్ల" అన్నాడు పాపన్. ఇసుకలోకి పది అడుగులు నడిపించి, నన్ను పడమటికి తిప్పి, వంగి నా కుడికాలు రెండు చేతులతో పట్టుకుని పూడ్చాడు. నిలిచిన చలవ, నడిచే చలవ అంటే ఏమిటో అప్పుడే చెప్పాడు. పది లెక్కపెట్టమన్నాడు. తనూ పక్కన కాలు పూడ్చి కళ్ళు మూసుకున్నాడు.

పది లెక్కపెట్టాను. కింద చల్లగా ఉంది, నిశ్చలంగా.

"ఎట్లుండాది?"

"నిలిచే ఉండాది పాపన్నా."

అన్నా అని ఎందుకు వచ్చిందో తెలియదు. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "సరి" అన్నాడు. పంతులు పిల్లవాడికి పరీక్ష పెట్టినట్టు ఉందని నాకు అనిపించింది. నేనూ రోజూ బడిలో అదే పని చేస్తాను. జవాబు తెలిసినవాడే కదా ప్రశ్న అడుగుతాడు.

బండి కదిలింది. మొదటి పరుగులోనే దూలం మీంచి జారి ఇసుకలో బోర్లా పడ్డాను.

"వాత్యారే," పైనుంచి బాలచంద్రన్ అరిచాడు, "బడిలో పిల్లకాయలకు ఇదేనా నేర్పించేది?"

"మోకాలు వదులు చెయ్యి నాయనా. గెడకర్ర మాదిరి నిలబడితే పడేస్తాది" అన్నాడు పాపన్. "బండి ఎటు వంగితే నువ్వూ అటే వంగు. కర్రెన్నను పిలువు. మెల్లగా. చెవి తిప్పేదాకా ఆగు."

"హో... కర్రెన్నా" అన్నాను. చెవి తిరగలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారికి ఆ నల్ల చెవి నావైపు తిరిగింది. ఆ క్షణం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. నాలుగు ఎద్దుల బలం ఒక్కసారిగా నా మోకాళ్ళలోకి వచ్చింది. దూలాల కింద ఇసుక సన్నగా ఈల వేసినట్టు మోగింది. పాపన్ పక్కన పరుగెత్తుతున్నాడు. ఎప్పుడూ లేనిది, తను అడుగు ఎక్కడ వేస్తున్నాడో కిందికి చూసుకుంటూ పరుగెత్తుతున్నాడు.

ఏటి నడుమ ఒక తిప్ప ఉంటుంది. దాన్ని దాటాక లోతైన పాయ. దాంట్లో దిగేముందు రెండోసారి చూడాలి. బండి ఆగింది. నేనే వెళ్ళి పడమటికి తిరిగి కాలు పూడ్చాను. పాపన్ కూడా పక్కన కాలు పూడ్చి కళ్ళు మూసుకున్నాడు.

ఒకటి, రెండు, మూడు. చల్లగా ఉంది. నాలుగు. బొటనవేలి కింద ఏదో కదిలినట్టయింది. అయిదు. సన్నగా, ఎవరో తడి దారం లాగినట్టు, అరికాలి గుంటలోంచి మడమ వైపు జారింది. ఆరు. మళ్ళీ జారింది.

కాలు పైకి తీసేశాను.

నాకు తెలియలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తెలిసింది. అయితే నడిచే చలవ అంటే బండి వెనక్కి తిప్పాలి. దూలం మీద నేను సరిగా నిలబడి పది నిమిషాలే అయింది. అవతలి గట్టున గుడియాత్తం బండ్లవాళ్ళు చూస్తుండగా ఎద్దులను అదిలిస్తూ గట్టెక్కించాలని ఉంది. పైగా ఆయనా కాలు పెట్టాడు కదా, నిజంగా నడుస్తుంటే ఆయనకు తెలియదా? తప్పు చెబితే దిద్దుతాడు.

"ఎట్లుండాది నాయనా?"

"నిలిచే ఉండాది."

"బాగా చూసినావా?"

"చూసినా పాపన్నా."

"పది లెక్క పెట్టినావా?"

"పెట్టినా."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ ముఖంలో ఆయనకు కావలసిందే కనబడి ఉంటుంది. "సరి, పద" అన్నాడు.

కర్రెన్న కదల్లేదు. నేను పిలిచాను, చెవి తిప్పింది, కాలు ఎత్తలేదు. ముక్కు ఇసుక దగ్గరికి దించి బుస్సుమంది. పాపన్ వెళ్ళి దాని మెడ నిమిరాడు. "యేమిరా" అన్నాడు దానితో. అది తల అడ్డంగా విదిలించింది.

"పాపా, పొద్దు వాలతా ఉండాది," బాలచంద్రన్ అరిచాడు. "ఎద్దు మాట వింటావా, వాత్యారు మాట వింటావా?"

పాపన్ నావైపు తిరిగాడు. నేను తల వంచుకోలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన ఎద్దు మీద చెయ్యెత్తాడు, కర్రెన్నను కొట్టాడు.

పాయ నడుమకు చేరేసరికి చప్పుడు వినిపించింది. పెద్దది కాదు. ఎండుటాకుల మీద ఎవరో నింపాదిగా నడిచి వస్తున్నట్టు ఉంది. పడమటి నుంచి గోధుమరంగు నాలుక ఒకటి ఇసుక మీద పాకుతూ వచ్చింది. దాని అంచున నురుగు, పుల్లలు, వేళ్ళతో సహా పెకిలిన గుమ్మడి తీగ. చీలమండ లోతు కూడా లేదు. అయితే అది రాకముందే బండి కింద ఇసుక సంగటిలా మెత్తబడింది. ఎడమ దూలం దిగబడింది.

"తోయండి!" అని అరిచాడు పాపన్. తను ఎడమవైపు భుజం పెట్టాడు. దూలం లేచింది, పక్కకు ఒరిగింది, మళ్ళీ దిగింది. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. "ముందుకు పోయి కర్రెన్నను పట్టుకుంటా" అంటూ ఆయన అడుగు వేయబోయాడు. ఒళ్ళు ముందుకు పోయింది గాని మనిషి కదల్లేదు. ముఖం నీళ్ళలో పడింది. లేచాడు. మళ్ళీ అడుగు వేయబోయి మళ్ళీ పడ్డాడు. ఎవరో వెనకనుంచి లాగుతున్నారన్నట్టు ఆశ్చర్యంగా చుట్టూ చూశాడు.

నాకు కనబడింది. "పాపన్నా, నీ కాలు! దూలం కింద ఉండాది!"

"నా కాలా?" అన్నాడు. నీళ్ళలోకి చేతులు పెట్టి తడుముకున్నాడు. "యాడ? యాడుండాది నా కాలు?"

నలభై మూటల బరువు కింద పాదం నలుగుతుంటే ఒక మనిషి అడిగిన మాట అది. నొప్పి లేదు ఆ గొంతులో. మూటల మీద కూర్చున్న బాలచంద్రన్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

తరువాత ఆయనే మూటలు నీళ్ళలోకి తోశాడు. ఇద్దరం దూలం ఎత్తాము. పాదం బయటికి వచ్చింది. రెండు వేళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి. పాపన్ దాన్ని వేరే ఎవరిదో చూసినట్టు చూశాడు. ముందు జత మోకు కోసి, కర్రెన్న తోక పట్టుకుని, ముగ్గురం అర మైలు దిగువన ఉత్తరపు గట్టెక్కాము. వెనక జత కాడి ముడి నీళ్ళకు బిగుసుకుపోయింది, విప్పలేకపోయాము. ఆ రెండు ఎద్దుల తలలు కాసేపు కనబడ్డాయి. తరువాత కాడి ఒక్కటే కనబడింది. తరువాత అదీ లేదు.

గట్టు మీదికి జనం పరుగెత్తి వచ్చారు. బాలచంద్రన్ పాపన్‌కు దూరంగా జరిగి, చేతులకు మట్టి రుద్దుకుంటున్నాడు. "వేళ్ళు వెనక్కి తిరిగినా వాడు అరవలేదు. వాడి కాల్లో పాణం లేదు. చూసినా, నా కండ్లతో చూసినా. ఎన్నాళ్ళుగా ఉండాదిరా నీకీ రోగం? ఎన్నాళ్ళుగా ఆ చచ్చిన కాలు పెట్టి మమ్మల్ని ఏట్లోకి దించినావు?"

జనం వెనక్కి జరిగారు. పాపన్ ఒక్కడే నడుమ కూర్చుని ఉన్నాడు. అప్పుడు నాకు అంతా అర్థమైంది, తోలతావా అని ఎందుకు అడిగాడో, నా పాదాలను ఎందుకు అలా చూశాడో. పాపన్ నావైపు తిరిగాడు.

"చిన్నయ్యా, రెండో తావులో చలవ నిలిచే ఉండిందా?"

అందరూ వింటున్నారు. గుడియాత్తంవాళ్ళు, రేపు నా బడికి పిల్లలను పంపేవాళ్ళు.

"నిలిచే ఉండింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "అయితే ఏరు మారిపొయ్యింది" అన్నాడు. "మా నాయన నేర్పించింది యింక పనికిరాదు."

ఏరు ఆరు రోజులు పారింది. ఆ ఆరు రోజులూ ఆయన ఉత్తరపు గట్టున సున్నపు బట్టీ దగ్గర పడి ఉన్నాడు. నేను వెళ్ళలేదు. సెల్లమ్మ విరిగిన మోకాలితో ఎవరి బండిలోనో వేలూరు వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చి, కుష్టురోగులను చూసే ఆసుపత్రికి తీసుకుపోయింది. రేవు మునియప్పన్‌కు పోయింది.

మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. 1956లో నాకు దేవకితో పెండ్లయింది. ఒకరోజు ఆమె నేను రేవు దాటకుండా రైలెక్కి చుట్టుదారిన ఎందుకు పోతానని అడిగింది. చెప్పాను. ఎద్దులు మునిగిన సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాను. ఆమె వింటూ చేట కింద పెట్టింది.

"నువ్వు ఎద్దుల గురించి ఏడస్తాండావు," అంది. "ఎద్దులు మొదటి అబద్ధానికి పొయినాయి. రెండో అబద్ధం ఆయనకు జెప్పినావే, దానికి ఎవురు పొయినారో చూసినావా? పోయి జెప్పిరా. నేనూ వస్తా."

దేవకి ఈ చిత్తిర నెలలో పోయింది. ఈ సంగతి నా నోట విన్నవాళ్ళలో ఇంక ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను.

మేము ఆ ఆసుపత్రికి వెళ్ళింది నవంబరులో, రాష్ట్రాలను మళ్ళీ విడదీసిన నెలలో. పాపన్ ఒక పలక మీద కూర్చుని, పాత టైరు ముక్కలతో చెప్పులు కుడుతున్నాడు. స్పర్శ లేని కాళ్ళకు ముల్లు గుచ్చుకోకుండా అక్కడ అందరికీ అవే. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"చిన్నయ్యా! బాగుండావా? మీ ఊరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉండాది?"

"మద్రాసులోనే పాపన్నా."

"నా పక్క మంచం ఆయనది పలమనేరు. వాళ్ళది ఆంధ్రా, మాది అరవదేశం అని దినామూ జగడం. జగడం ఆడేది మాత్రం తెలుగులోనే." నవ్వాడు. సూది పక్కన పెట్టాడు. "మునియప్పన్ సంగతి తెలుసు గదా?"

తెలుసు. క్రితం ఏడు నవంబరులో రబ్బరు చక్రాల బండితో సహా కొట్టుకుపోయాడు. ఒళ్ళు దొరకలేదు.

"అంతకు ముందు ఎండకాలంలో ఈడికి వచ్చినాడు పాపం," అన్నాడు పాపన్. "అన్నా, ఏరు చూసేది నేర్పించు అని. నువ్వు కూర్చున్యావే, ఆ తావులోనే కూర్చున్యాడు. నేను నేర్పించలే. అది పనికిరాదప్పా, ఏరు మారిపొయ్యింది, దాన్ని నమ్ముకుంటే చస్తావు అని పంపించినా."

బయట వరండాలో దేవకి, సెల్లమ్మ మాట్లాడుకోవడం వినబడుతోంది.

"ఏరు మారలేదు పాపన్నా," అన్నాను. "రెండో తావులో చలవ నడిచింది. వేళ్ళ కాణ్ణుంచి మడమకు. రెండుసార్లు. ఆరు లెక్కపెట్టి కాలు తీసేసినా. గట్టు మీద కూడా నీకు అబద్ధం జెప్పినా."

ఆయన ముఖంలో మొదట కోపం రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. "నడిచిందా?" అన్నాడు. "వేళ్ళ కాణ్ణుంచి మడమకేనా? దారం లాగినట్టేనా?" అవునన్నాను. "అయితే మా నాయన జెప్పింది సరే!" అని తొడ మీద చరుచుకున్నాడు. ఒక్క క్షణం ఆయన రేవులో దూలం మీద నిలబడ్డ మనిషిలా కనబడ్డాడు.

తరువాత ఆయన చూపు నేను కూర్చున్న చోటు మీద, మునియప్పన్ కూర్చున్న చోటు మీద పడింది. చెయ్యి తొడ మీదే ఆగిపోయింది.

చివరకు అడిగాడు, "ఇప్పుడు రేవులో ఎవురు తోలతాండారు?"

"మునియప్పన్ తమ్ముడు. మారి."

"వానికి ఎవురూ నేర్పించలేదు గదా."

"లేదు."

"నేను పోలేను. పొయినా ఈ కాలితో చూపించలేను. నడిచే చలవ ఎట్లుంటాదో ఎరిగిన కాలు ఇప్పుడు నీదొక్కటే ఉండాది." నా ముఖం చూడకుండా సూది అందుకున్నాడు. "లెయ్. ఈ పొద్దే పో. వానికి నేర్పించు. యింక ఈడికి రావద్దు నాయనా."

ఆ సాయంత్రానికే రేవు చేరాము. మారి బండికి పూటుగా వడ్లు ఎక్కించుకుని దిగడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇరవై ఐదేళ్ళుంటాయి, అన్న పోలికే. ఏరు చూసే పద్ధతి ఒకటుంది, నేర్పిస్తానన్నాను. పడమటికి తిరగాలి, కాలు పూడ్చాలి, పది లెక్కపెట్టాలి, నడిచే చలవ తగిలితే దిగకూడదు అన్నాను. వాడు నా చొక్కా వైపూ చెప్పుల వైపూ చూసి నవ్వాడు.

"వాత్యారుకు ఏట్లో ఏం పని? నడిచే చలవ ఎట్లుంటాదో నీకెట్ల తెలుసు?"

దేవకి నా పక్కనే నిలబడి ఉంది.

చెప్పాను. మొదటినుంచి చివరిదాకా, ఆరు దగ్గర కాలు తీసేసిన సంగతితో సహా, మునియప్పన్ ఆసుపత్రికి పోయి ఉత్తచేతులతో తిరిగివచ్చిన సంగతితో సహా. బండివాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ చేరి విన్నారు. మారి చేతిలో ముల్లుగర్ర ఉంది. దాన్ని పైకెత్తాడు. కొడతాడనుకున్నాను. ఇసుకలో గుచ్చి, నా చెప్పుల వైపు చూపించాడు.

"విప్పు. పెట్టు కాలు," అన్నాడు. "ఈసారి పదీ లెక్కపెట్టు. గట్టిగా, అందురికీ ఇనపడేట్టు."